ఆట రేపే, దాదా

మొన్న పొద్దున్నే కూరలకని ఖిదిర్‌పూర్ బజారుకి వెళితే, చేపలమ్మే ఆయన నన్ను చూస్తూనే "ఈసారి కూడా పోయింది బౌదీ" అన్నాడు. బౌదీ అంటే వదిన. ఈ బెంగాలీల ఊళ్ళో పెళ్ళయిన ఆడది ప్రతివాడికీ వదినే. ఏం పోయిందని నేను అడగలేదు. ముందురోజు సాయంత్రం మన దేశం ఫుట్‌బాల్ జట్టు మళ్ళీ ఓడిపోయి పోటీలోంచి బయటికి వచ్చేసింది. బజారు మొగలో కట్టిన మూడు రంగుల కాగితపు తోరణాలు వానకి తడిసి, కింద కుప్పపోసిన గుమ్మడికాయల మీద ఆకుపచ్చ రంగు కారుతోంది. ఉల్లిపాయలవాడు కోచ్‌ని తిడుతున్నాడు, మాంసం కొట్టాయన మైదానాన్ని తిడుతున్నాడు, వాళ్ళిద్దరి మధ్యా నిలబడ్డ పెద్దమనిషి క్రికెట్‌ని తిడుతున్నాడు. నలభై ఏళ్ళుగా ఇవే తిట్లు వింటున్నాను. జట్టులో కుర్రాళ్ళు మారారు గానీ తిట్లు మారలేదు.

ఇంటికి వచ్చేసరికి మావారు బాల్కనీలో కూర్చుని ఉన్నారు. పేపర్లో ఆటల పేజీ చదివేసి, చదవనట్టుగా మడిచి పెట్టారు. "బజార్లో ఏటంటున్నారు?" అని అడిగారు. "పోయిందంటున్నారు" అన్నాను. "ఊఁ" అన్నారు. అంతే. ఇదివరకు జట్టు ఓడినప్పుడల్లా ఆయన మొహం కూడా కడుక్కోకుండా చెప్పులు తొడుక్కుని కిందికి దిగిపోయేవారు, పక్కింటి అరుగు మీదికి. ఇప్పుడు దిగితే ఎవరున్నారు? పక్కింటి దాదా పోయాక దేశానికిది మొదటి ఓటమి. ఇన్నేళ్ళలో మావారు ఒంటరిగా భరించవలసి వచ్చిన ఓటమి ఇదొక్కటే.

దాదా సంగతి చెప్పాలి. దాదా అంటే అన్న, మావారు అలాగే పిలిచేవారు. మా గోడకీ వాళ్ళ గోడకీ మధ్య పిల్లి దూరే సందు కూడా లేదు. వాళ్ళింట్లో ఆవాల పోపు వేస్తే మా ఇంట్లో తుమ్మేవాళ్ళం. దాదా బడిలో భూగోళం చెప్పేవారు. బర్ధమాన్ జిల్లాలో ఏదో పల్లె నుంచి ఉద్యోగానికి వచ్చి ఈ సందులో ఇల్లు తీసుకున్నారు. మావారైతే ఈ సందులోనే పుట్టారు. మా మామగారు శ్రీకాకుళం వైపు నుంచి రేవులో గుమాస్తాగా వచ్చి, వెళ్ళిపోదాం వెళ్ళిపోదాం అంటూనే ఇక్కడే ముసలివారై పోయారు. మావారు బ్యాంకులో ఆఫీసరై నాలుగు ఊళ్ళు తిరిగినా, రిటైరయ్యేది ఈ సందులోనే అని ముందే తేల్చేసుకున్నారు. నేను విజయనగరం నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో గమనించినదేమిటంటే, ఆయన మాట్లాడేది తెలుగే గానీ ఫుట్‌బాల్ దగ్గరికి వచ్చేసరికి మాటలన్నీ బెంగాలీలోకి మారిపోయేవి. తిట్లు మరీను. అవన్నీ దాదా దగ్గర నేర్చినవని తరవాత తెలిసింది. ఒక బడిపంతులికి అన్ని తిట్లు ఎలా వచ్చో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఈ ఊళ్ళో రెండు పెద్ద క్లబ్బులున్నాయి. ఒకదాని మనుషులు గెలిచిన రోజు రొయ్యలు వండుకుంటారు, రెండోదాని మనుషులు ఇలిశ చేప. ఇలిశ అంటే మన గోదావరివాళ్ళ పులసే. దాదాది రొయ్యల పక్షం. మాది ఇలిశ. ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ నిలదొక్కుకున్నవాళ్ళ క్లబ్బు కదా అని మామగారు అందులో చేరారట, అది ఇంటిపేరులా మావారికి వచ్చింది. ఆ రెండు క్లబ్బులూ తలపడ్డ వారం ఈ అన్నదమ్ములిద్దరికీ మాటలుండేవి కావు. మా ఇంట్లో ఇలిశ వేగుతుంటే దాదా కిటికీ తలుపు ధడాలుమని మూసేవారు. మర్నాడు మాత్రం బౌదీ, అంటే దాదా భార్య, ఒక ముక్క ఉందా అని గిన్నె పట్టుకుని వచ్చేది. "మా ఆయనకే, మీ ఆయనకి చెప్పకు" అనేది.

ఇద్దరూ ఒక పక్కన నిలబడేది దేశం జట్టు ఆడినప్పుడే. అప్పుడు మా టీవీ ముందు కొలువు. దాదా మోచేతుల దగ్గర అల్లిక ఊడిన స్వెటర్ వేసుకుని వచ్చేవారు, వైశాఖమాసమైనా సరే, ఎందుకంటే ఎప్పుడో ఆ స్వెటర్ ఒంటిమీదుండగా మనవాళ్ళు గెలిచారు. ఇంకోసారి నేను వంటింటి గడప మీద కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీస్తుంటే గోలు పడింది. ఇక నా పని అయిపోయింది. దేశం ఆడుతున్నంతసేపూ నేను ఆ గడప దాటకూడదు. గడప మీద కూర్చోకూడదని మా అమ్మ ఎంత చెప్పి పెంచిందో, దేశం కోసం అంతసేపూ దానిమీదే కూర్చున్నాను. ఇంత చేసినా మనవాళ్ళు ఓడేవారు. ఓడాక దాదా స్వెటర్ విప్పి మడిచి, "వచ్చేసారి చూద్దాం" అనేవారు. మావారు తల ఊపేవారు. అలా ఎన్ని వచ్చేసార్లు గడిచాయో!

కొన్నేళ్ళ కిందట ఒక మంచి అదను వచ్చింది. సాల్ట్ లేక్ స్టేడియంలో మనవాళ్ళు ఆఖరి ఆట గెలిస్తే చాలు, తరవాతి మెట్టు ఎక్కేస్తారు. అవతలివాళ్ళది మన దగ్గర ఒక జిల్లా అంత దేశం. బౌదీకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేనంది, ఆమె బదులు నేను వెళ్ళాను. గడపని వదిలి రావడం మంచిది కాదని దాదా బస్సులో కూడా గొణుగుతూనే ఉన్నారు. స్టేడియం లోపలికి అడుగుపెట్టేసరికి నేను మావారి చెయ్యి పట్టుకున్నాను. అన్ని గొంతులు ఒక్కసారి లేస్తుంటే కాళ్ళకింద సిమెంటు అదురుతోంది. దాదా ఎర్రగా కందిపోయి, మావారి భుజం మీద చెయ్యి వేసి, గొంతు పోయేలా అరుస్తున్నారు. డెబ్బై దాటిన మనిషి. ఆ చెయ్యి ఆట అయ్యేదాకా తీయలేదు.

ఆట ముగిసే వేళకి అవతలివాళ్ళు గోలు కొట్టారు. ఎలా కొట్టారో నేను చూడలేదు, చెమట తుడుచుకుంటున్నాను. నాకు వినిపించింది మాత్రం చెప్పగలను. అంతమంది ఒకేసారి నోళ్ళు మూసుకున్నారు. వేరుశెనగల వాడి కేక సగంలో ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో కింద పచ్చికమీద ఒకరిమీద ఒకరు పడి దొర్లుతున్న ఆ పరాయి పిల్లల సంతోషం, వాళ్ళ భాషలో, మా మెట్టుదాకా స్పష్టంగా వినిపించింది. ఆట ఓడిపోయాం. జనమంతా దిగి వెళ్ళిపోయాక కూడా దాదా లేవలేదు. లేచాక రావలసిన గేటుకి కాక వేరే వైపు నడిచారు. మన బస్సు అటే అని పట్టుబట్టారు. బస్సులో కూర్చున్నాక నా వైపు వంగి, "ఆట ఎవరు గెలిచారు, ఎంతకి ఎంత?" అని అడిగారు. దుఃఖం మనిషిని ఇలా చేస్తుంది కాబోలనుకున్నాను. అంతకు మించి నాకేం తట్టలేదు.

మర్నాడు ఆదివారం. పక్కింటి అరుగు మీద సందులో మగవాళ్ళంతా చేరారు. శవం లేచిన ఇంటి ముందు కూర్చున్నట్టు కూర్చుని, మట్టి ముంతల్లో టీ తాగుతూ, ఓటమిని కోసి చూస్తున్నారు. నేను పైన బట్టలు ఆరవేస్తూ వింటున్నాను. మావారు చెడ్డగా ఏమీ అనలేదు. "దాదా, మన పిల్లలకి అంత సత్తా లేదు, ఒప్పుకుందాం. ఈ ఊరు పాత కథలు చెప్పుకుని బతుకుతోంది. ఆట ఎప్పుడో చచ్చిపోయింది, మనం తద్దినాలు పెడుతున్నాం" అన్నారు బెంగాలీలో. ఆ మాటల్లో ఆయన ఏడుపు నాకు వినిపించింది. దాదాకి మరేదో వినిపించినట్టుంది. ముంత విసిరికొట్టి లేచారు. "ఎటా ఆమాదెర్ ఖేలా, తోమాదెర్ నొయ్!" అన్నారు. ఇది మా ఆట, మీది కాదు. అక్కడితో ఆగలేదు. "కూటికోసం రేవుకి వచ్చినవాళ్ళు మీరు. మీకేం తెలుసు? వెళ్ళి మీ దేశంలో క్రికెట్ చూసుకోండి!"

బెంగాలీలో దేశం అంటే సొంత ఊరు కూడా. కానీ ఆ పొద్దున ఆ మాట ఎవరికీ సొంత ఊరులా వినిపించలేదు. అరుగు మీద అందరూ తలలు దించుకున్నారు. ఒక్కరైనా "తప్పు దాదా" అనలేదు. మావారు తన ముంతని జాగ్రత్తగా అరుగు అంచున పెట్టి, మెట్లెక్కి పైకి వచ్చి, మంచం మీద కూర్చుని, "నేనిక్కడే పుట్టేను కదే" అన్నారు. నాతో కాదు, ఎదురుగోడతో అన్నట్టు. "ఆయన వచ్చినప్పుడు ఈ సందు సూపించింది మా నాన్న."

మధ్యాహ్నం బౌదీ గిన్నెడు పాయసం తెచ్చి, గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంది. "ఈమధ్య ఆయన నోరు ఆయన వశంలో లేదు. ఏమీ అనుకోవద్దని చెప్పు" అంది. మావారు లోపలినుంచే, "ఆవిడెందుకు సెప్పడం? ఆయన్నే రమ్మను" అన్నారు. దాదా రాలేదు. మావారు వెళ్ళలేదు. పాయసం నేనే తిన్నాను, కన్నీళ్ళతో ఇచ్చింది పారబోయలేక. నెలలు గడిచాయి. దుర్గాపూజ వచ్చింది. ఆఖరి రోజు అమ్మవారిని నీళ్ళలో కలిపి వచ్చాక ఇక్కడ అందరూ ఒకరినొకరు కావలించుకుని మిఠాయిలు పెట్టుకుంటారు. కోర్టుల్లో కొట్లాడుకునేవాళ్ళు కూడా ఆ పూట కావలించుకుంటారు. ఆ సాయంత్రం మావారు కొత్త పంచె కట్టుకుని బాల్కనీలో నిలబడ్డారు. దాదా కింద అరుగు మీద నిలబడి వచ్చేపోయేవాళ్ళందరినీ కావలించుకుంటున్నారు. ఒకసారి తలెత్తి మా బాల్కనీ వైపు చూశారు కూడా. చూసి, అక్కడెవరూ లేనట్టు చూపు తిప్పుకున్నారు. మావారు లోపలికి వచ్చి పంచె మార్చుకున్నారు. "సూసేవా, ఎంత పొగరో" అన్నారు.

అది పొగరు కాదని శీతాకాలంలో తెలిసింది. ఒకరోజు దాదా పాలకని బయలుదేరి తిరిగి రాలేదు. సాయంత్రానికి హౌరా ఫెర్రీ రేవు దగ్గర దొరికారు. బర్ధమాన్ వెళ్ళే పడవ ఎప్పుడని అందరినీ అడుగుతున్నారట. బర్ధమాన్‌కి పడవ లేదని ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పటం మీద చూపించిన మనిషి. డాక్టరు ఏదో జబ్బు పేరు చెప్పాడు, తలలో జ్ఞాపకాలు ఒక్కొక్కటే ఆరిపోతాయన్నాడు. బౌదీ మా ఇంటికి వచ్చి నేలమీద కూలబడింది. "మీ ఆయన ఎందుకు రావడం లేదని రోజూ అడుగుతున్నారు. ఆ గొడవ ఆయనకి గుర్తే లేదు. ఆ మాట అన్నట్టే గుర్తు లేదు" అంది.

ఆమె వెళ్ళాక మావారు గుమ్మం తలుపు దగ్గరికి వేసి వచ్చారు. తరవాత, "గుర్తు లేదా?" అన్నారు. "ఆయనకి లేదు, నాకుంది కదా. తిట్టినోడు మర్చిపోతే తిట్టు తిన్నోడు ఏటి సెయ్యాల? ఎవర్ని అడగాల?"

"జబ్బు మనిషి కదండీ" అన్నాను.

"జబ్బు మనిషే. ఆ మాట మట్టుకు జబ్బుది కాదు. లోపలెక్కడో ఉంటేనే బయటికొచ్చింది."

నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించాను.

ఆ తరవాత కొన్ని వారాలకి ఒక సాయంత్రం బౌదీ కిందనుంచి కేకేసింది. దాదా పాత స్వెటర్ వేసుకుని గేటు పట్టుకుని నిలబడ్డారు, స్టేడియంకి వెళ్ళాలంటున్నారు, ఎంత చెప్పినా లోపలికి రావడం లేదు. నేను పరుగెత్తాను. నా వెనకే మావారు దిగారు. అరుగు దాకా వెళ్ళి ఆగారు. ఆయన్ని చూసి దాదా మొహం వెలిగింది. "ఇంత ఆలస్యమా? నీకోసమే చూస్తున్నాను. పద పద, ఈసారి మనం గెలిస్తే చాలు" అన్నారు. మావారు ఆయన కళ్ళలోకి చూసి, "ఆట అయిపోయింది దాదా. ఓడిపోయాం. బయటికి వచ్చేశాం" అన్నారు.

దాదా గేటు వదిలేసి అక్కడే కూర్చుండిపోయారు. చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆ రోజు స్టేడియంలో ఏడవని ఏడుపంతా ఏడ్చారు. మర్నాడు మళ్ళీ స్వెటర్ వేసుకున్నారు, మళ్ళీ అడిగారు. మావారు వెళ్ళి మళ్ళీ అదే చెప్పారు. దాదా మళ్ళీ కొత్తగా విని, మళ్ళీ ఏడ్చారు. మూడోరోజూ అంతే. నిజం చెప్పడం తప్పు కాదు. అయినా మావారి గొంతులో ఒక కరుకుదనం నాకు వినిపించింది. అరుగు మీద అందరి ముందూ పడ్డ దెబ్బకి బదులు తీర్చుకుంటున్నారేమో అనిపించింది. ఆయనకీ ఏదో తట్టి ఉండాలి. ఆ మూడోరోజు పైకి వచ్చి అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి మళ్ళీ కంచంలో పెట్టేశారు. "సంపిన మనిషిని మళ్ళీ మళ్ళీ సంపుతున్నాను" అన్నారు.

నాలుగోనాడు దాదా టికెట్లు తెచ్చావా అని అడిగితే, "ఆట రేపే దాదా. ఇవాళ కాదు" అన్నారు మావారు. "రేపా?" అన్నారు దాదా. "అయితే స్వెటర్ విప్పేస్తాను, మాసిపోతుంది." నవ్వి లోపలికి వెళ్ళి, మావారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఎడమపక్క ఎవరు ఆడాలో, గోలు దగ్గర ఎవరుండాలో వివరంగా మాట్లాడారు. పోయినవాళ్ళనీ ముసలివాళ్ళనీ కూడా జట్టులోకి తీసుకున్నారు. మావారు అన్నిటికీ తలూపారు.

అప్పట్నుంచీ రోజూ అదే. సాయంత్రం అయ్యేసరికి మావారు కిందికి దిగేవారు. ఆట రేపే అనేవారు. దేశంలో ఆ జట్టుని నమ్ముకున్నవాళ్ళందరిలో ఆ ఓటమి ముట్టనిది దాదా ఒక్కరినే. ఆయనకి ప్రతి సాయంత్రమూ గెలుపుకి ముందురోజే. బౌదీ సంతోషించింది, సందంతా మావారిని మెచ్చుకుంది. నేను మాత్రం మెట్లెక్కి వచ్చే మావారి మొహం చూసేదాన్ని. "రోజూ ఓడిపోయినోడిగా దిగి, గెలుస్తామని సెప్పి రావాల. బ్యాంకులో కూడా ఇంత అబద్ధం ఎప్పుడూ ఆడలేదు" అని ఒకసారి నవ్వబోయారు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆయన దిగింది జాలితోనే అని నేననుకోను. ఏదో ఒకరోజు, పొరపాటునైనా, దాదాకి ఆ ఆదివారం గుర్తుకొస్తుందనీ, తప్పయిపోయిందంటారనీ ఎదురుచూశారు. పైకి ఎప్పుడూ ఒప్పుకోలేదు. కానీ ఎవరైనా పాత సంగతి ఎత్తితే దాదా పెదవుల వైపే చూసేవారు.

అది రాలేదు. వచ్చింది వేరు. ఒక సాయంత్రం మావారు వెళ్ళి కూర్చుని ఆట రేపే అంటే, దాదా మర్యాదగా చూసి, "ఏ ఆట?" అన్నారు. అన్నేళ్ళూ తుమి అని, అంటే నువ్వు అని పిలిచిన మనిషి, ఆప్ని అని, మీరు అని మొదలుపెట్టారు. "మీరెవరో గుర్తు రావడం లేదు, ఏమీ అనుకోకండి. మీ దేశం ఎక్కడ?" అని అడిగారు. అడగడంలో వెటకారం లేదు. కొత్తగా వచ్చిన అతిథిని అడిగినట్టే అడిగారు. నేను బౌదీ పక్కన నిలబడి ఉన్నాను. మావారు కొంచెం తడబడి, "ఇదే. పక్కిల్లు" అన్నారు. "ఓహో, మంచి పేటండీ. ఇక్కడ మనుషులు మంచివాళ్ళు" అన్నారు దాదా. మావారు అవునన్నారు. ఆ తరవాత కూడా వెళ్ళడం మానలేదు. వెళ్ళి కూర్చునేవారు. ఇద్దరూ సందులో వచ్చేపోయేవాళ్ళని చూస్తూ ఉండేవారు.

పోయిన చలికాలంలో దాదా నిద్రలోనే పోయారు. బెంగుళూరులో ఉద్యోగం చేసే వాళ్ళ కొడుకు వచ్చాడు. ఘాట్ దాకా పాడె మోసినవాళ్ళలో మావారు ఒకరు, మధ్యలో భుజం మార్చుకోమంటే మార్చుకోలేదు. తిరిగి వచ్చి స్నానం చేసి, "ఇంక అడగడానికి మనిషే లేడు" అన్నారు. ఆ మాట ఒక్కసారే అన్నారు.

మొన్న సాయంత్రం చీకటి పడకముందు ఆయన్ని బలవంతంగా కిందికి తీసుకెళ్ళాను. అరుగు మీద పాతవాళ్ళు ఇద్దరే ఉన్నారు. జరిగి చోటిచ్చారు, జట్టు సంగతి చెప్పమన్నారు. ఆయన కూర్చుని, "ఏటి సెప్పాల, ఓడిపోయాం" అని తెలుగులోనే అనేసి, తరవాత బెంగాలీలో అన్నారు. వాళ్ళు తలలూపారు. లోపలినుంచి బౌదీ అందరికీ టీ పంపింది. తాగి, వచ్చేసి, మావారు పెందరాళే పడుకున్నారు. కాలం మాన్పని గాయం లేదని మా అమ్మ అనేది. మా సందులో కాలం గాయం చేసినవాడి మతిని తీసుకుపోయింది, తరవాత మనిషిని తీసుకుపోయింది, గాయం జోలికి మాత్రం ఇంకా రాలేదు.